బుస్సీ: ఉత్తర సర్కారులలో ఒక ఫ్రెంచి సేనాని జీవితం (1718–1785)

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు ఈ కింది విషయాలను వివరించగలుగుతారు:
– ఫ్రెంచి సేనాని బుస్సీ దక్కన్ రాజకీయాలలో ప్రాబల్యం సంపాదించిన తీరు
– ఉత్తర సర్కారులు ఫ్రెంచి వారి చేతికి వచ్చిన కారణాలు
– బొబ్బిలి యుద్ధం నేపథ్యం, ఫలితాలు
– తూర్పు కనుమల మన్య ప్రాంతం ఆనాటి అధికార పోరాటాలను ఎలా ప్రభావితం చేసిందనే విషయం

1. పరిచయం

బుస్సీ పేరు తెలుగువారికి కొత్త కాదు. బొబ్బిలి కథను బుర్రకథగా విన్నవారికీ, సినిమాగా చూసినవారికీ ఆయన ఫిరంగులతో వచ్చి కోటను కూల్చిన పరాయి దొరగా తెలుసు. ఫ్రాన్స్ చరిత్రకారులలో కొందరికి ఆయన గొప్ప దౌత్యవేత్త, కొద్దిపాటి సేనతో ఒక పెద్ద రాజ్యాన్ని నడిపించిన వ్యక్తి. ఆంగ్లేయ రచయితలు కూడా ఆయన సామర్థ్యాన్ని మెచ్చుకున్నారు. ఒకే మనిషి గురించి ఇన్ని చిత్రాలు ఎందుకు ఏర్పడ్డాయి? చరిత్ర విద్యార్థిగా మీరు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది.

బుస్సీ సాధించిన విజయాలలో ఎక్కువ భాగం మైదానాలలోనూ, దర్బారులలోనూ సాధించినవే. శ్రీకాకుళం సర్కారు మొత్తం కాగితం మీద ఆయన అధికారం కిందికి వచ్చింది. ఆ సర్కారు పడమటి అంచున నేటి అరకు, పాడేరు, సాలూరు, పార్వతీపురం ప్రాంతాల కొండలున్నాయి. ఆ కొండల దగ్గర ఆయన అధికారం ఏమైంది? ఈ భాగంలో బుస్సీ జీవితాన్ని వరసగా చెప్పుకుంటూ, ఈ ప్రశ్నను కూడా వెంట తీసుకువెళదాం.

2. తొలి జీవితం

ఆయన పూర్తి పేరు షార్ల్ జోసెఫ్ పాతిసియే ద బుస్సీ. 1718 ప్రాంతంలో ఉత్తర ఫ్రాన్స్‌లోని స్వాసోన్ పరిసరాలలో జన్మించాడు. కుటుంబానికి పేరు ఉంది గాని ఆస్తి అంతంత మాత్రమే. అటువంటి ఇళ్ళలోని యువకులకు ఆ కాలంలో సైన్యం, సముద్రాంతర వ్యాపార సంస్థల కొలువు బతుకుతెరువు చూపేవి. బుస్సీ కూడా ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి భారతదేశానికి వచ్చాడు.

1742లో డూప్లే పుదుచ్చేరి గవర్నరు అయ్యాడు. స్వదేశీ పాలకుల వారసత్వ తగాదాలలో ఒక పక్షానికి సైనిక సహాయం చేసి, దానికి ప్రతిఫలంగా భూభాగాన్నీ, రాబడినీ పొందడం డూప్లే విధానం. ఈ విధానానికి యుద్ధభూమిలో రూపం ఇచ్చిన వారిలో ముఖ్యుడు బుస్సీ. 1749 ఆగస్టు 3న ఆంబూరు వద్ద ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ మరణించిన యుద్ధంలో ఆయన పాల్గొన్నాడు. 1750 సెప్టెంబరులో జింజీ కోటను ఒక్క రాత్రిలో పట్టుకున్నాడు. ఎత్తయిన మూడు కొండల మీద కట్టిన ఆ కోట అభేద్యమని అందరూ నమ్మేవారు. ఆ దాడితో బుస్సీ పేరు దక్షిణాదిన మారుమోగింది.

3. దక్కన్ దర్బారులో బుస్సీ

1748లో మొదటి నిజాం మరణించాక వారసత్వ పోరు మొదలయింది. కుమారుడు నాసిర్ జంగ్ 1750 డిసెంబరులో హతుడయ్యాడు. మనుమడు ముజఫర్ జంగ్‌ను ఫ్రెంచివారు సుబేదారుగా నిలబెట్టారు. 1751 జనవరిలో ఆయన పుదుచ్చేరి నుంచి హైదరాబాదుకు బయలుదేరినపుడు రక్షణగా వెళ్ళిన దళానికి నాయకుడు బుస్సీ. ఆ దళంలో సుమారు 300 మంది ఐరోపా సైనికులు, 2000 మంది సిపాయిలు ఉన్నారు.

దారిలో, నేటి రాయచోటి ప్రాంతంలో, కడప, కర్నూలు నవాబుల తిరుగుబాటులో ముజఫర్ జంగ్ చనిపోయాడు. ఏ పాలకుడి కోసం దళం బయలుదేరిందో ఆ పాలకుడే లేకుండా పోయాడు. బుస్సీ వెనుదిరగలేదు. శిబిరంలోనే ఉన్న మొదటి నిజాం మరో కుమారుడు సలాబత్ జంగ్‌ను అక్కడే సుబేదారుగా ప్రకటింపజేశాడు. ఆ తరవాత ఏడేళ్ళపాటు సలాబత్ జంగ్ సింహాసనానికి బుస్సీ దళమే అండగా నిలిచింది.

3.1 అశ్వబలం, ఫిరంగి బలం

బుస్సీ విజయాల వెనుక ఉన్న యుద్ధ పద్ధతిని కొంచెం వివరంగా చూడాలి. 18వ శతాబ్దపు దక్కన్‌లో సైన్యం అంటే ప్రధానంగా అశ్వబలం. జాగీరుదారు హోదాను ఆయన పోషించే రౌతుల సంఖ్యతో కొలిచేవారు. మరాఠాల రౌతులు తేలికపాటి సామానుతో వేగంగా కదిలేవారు. ఎదురుగా నిలబడి పోరాడకుండా, శత్రువు సరఫరాలను కత్తిరించి, పల్లెలను దోచి, అతన్ని ఆకలితో లొంగదీసేవారు. ఏనుగులు, గుడారాలు, బజారు, వేలమంది పరివారంతో నెమ్మదిగా కదిలే నిజాం సైన్యం వారిని ఎదుర్కోలేకపోయేది.

బుస్సీ ఈ సమస్యకు రెండు విధాలుగా సమాధానం కనుక్కున్నాడు. ఒకటి, సులభంగా లాగదగిన చిన్న ఫిరంగులు, క్రమశిక్షణతో వరసగా తుపాకులు కాల్చే పదాతి దళం. గుంపుగా దూసుకువచ్చే రౌతులు ఈ కాల్పుల ముందు నిలవలేకపోయారు. రెండు, ఐరోపా రౌతులతో ఒక చిన్న అశ్విక దళాన్ని తన వెంట ఉంచుకోవడం. శత్రువు బలగం చెదిరిన క్షణంలో వెంటపడటానికి ఈ దళం పనికివచ్చేది. 1751 చివరలో పీష్వా బాలాజీ బాజీరావు సైన్యంతో యుద్ధం జరిగినపుడు, చంద్రగ్రహణం రాత్రి కుకడి నది దగ్గర మరాఠా శిబిరంపై బుస్సీ చేసిన దాడి ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. గ్రహణ సమయపు స్నానాలలో, పూజలలో ఉన్న శిబిరం చెల్లాచెదురైంది.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. గుర్రానికి రోజూ గడ్డి, ఉలవలు, నీరు కావాలి. ఫిరంగి బండికి చదునైన దారి కావాలి. సిపాయికి నెల తిరిగేసరికి జీతం కావాలి. ఈ మూడూ దొరికినంత మేరకే బుస్సీ బలం. ఈ మాట గుర్తుంచుకోండి. కొండల విషయం చర్చించేటపుడు మళ్ళీ అవసరమవుతుంది.

4. ఉత్తర సర్కారులు ఎందుకు, ఎలా చేతికి వచ్చాయి?

ఫ్రెంచి దళానికి జీతాలు నిజాం ఖజానా నుంచి రావాలి. ఖజానా ఎప్పుడూ ఖాళీ. దర్బారులో ఫ్రెంచి వారంటే గిట్టని వారు కూడా తక్కువమంది కారు. 1753లో బుస్సీ జబ్బుపడి మచిలీపట్నం వెళ్ళినపుడు దివాను లష్కర్ ఖాన్ ఫ్రెంచి దళాన్ని ముక్కలు చేసి దూరప్రాంతాలకు పంపాడు, జీతాలను ఆలస్యం చేశాడు. ఆకలితో ఉన్న సైన్యం తనంతట తానే విచ్ఛిన్నమవుతుందని ఆయన లెక్క.

బుస్సీ కోలుకుని, దళాన్ని కూడగట్టుకుని ఔరంగాబాదు చేరాడు. దర్బారు దయాదాక్షిణ్యాల మీద ఆధారపడకుండా, సైనికుల జీతాల కోసం నేరుగా కొన్ని జిల్లాల రాబడిని తమకు అప్పగించాలని కోరాడు. 1753 నవంబరులో సలాబత్ జంగ్ నాలుగు సర్కారులకు ఫర్మానాలు ఇచ్చాడు. అవి: ముస్తఫానగరం (కొండపల్లి), ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం. మచిలీపట్నం అప్పటికే ఫ్రెంచివారి చేతిలో ఉంది. కోస్తాంధ్రలో ఎక్కువ భాగం ఈ విధంగా ఒక విదేశీ కంపెనీ సైన్యపు జీతాల పద్దు కిందికి వెళ్ళింది.

ఇక్కడ ఒక తేడాను మీరు స్పష్టంగా గ్రహించాలి. ఫర్మానా ఇచ్చింది రాబడి వసూలు హక్కును. ఆ రాబడి ఎవరి నుంచి వస్తుంది? రైతు నుంచి గ్రామ పెద్దకు, అక్కడి నుంచి జమీందారుకు, జమీందారు నుంచి ఫౌజుదారుకు. ఈ గొలుసులో మధ్య కొక్కెం జమీందారే. ఆయన కదలకపోతే ఫర్మానా ఒక కాగితం మాత్రమే. శ్రీకాకుళం ఫౌజుదారు జాఫర్ అలీ ఖాన్ అధికారాన్ని వదులుకోవడానికి నిరాకరించాడు. నాగపురం మరాఠాలను సహాయానికి పిలిచాడు. 1754లో వారి రౌతులు తూర్పు కనుమలలోని దారుల గుండా దిగివచ్చి శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కారులను కొల్లగొట్టారు. మచిలీపట్నంలోని ఫ్రెంచి అధికారి మొరాసిన్ విజయనగరం ప్రభువు పూసపాటి పెద విజయరామరాజుతో ఒప్పందానికి వచ్చి, శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కారుల వసూళ్ళను ఆయనకు గుత్తకు ఇచ్చాడు. ఫ్రెంచివారికి స్థానిక అండ దొరికింది. ఆ అండకు తోడుగా స్థానిక పగలు కూడా వారి ఇంటికి వచ్చాయి.

5. కొండలు, కనుమలు, మన్యం

మీలో కొందరు విశాఖపట్నం నుంచి అరకుకు రైలులో వెళ్ళి ఉంటారు. కొత్తవలస దాటి శృంగవరపుకోట సమీపించేసరికి మైదానం అంతమై ఒక్కసారిగా కొండలు లేస్తాయి. ఈ రైలుమార్గం 1960లలో వచ్చింది. దీనికి రెండు శతాబ్దాల కిందట ఆ ఎత్తుకు చేరడానికి కాలిబాటలు, సరుకులు మోసే ఎడ్ల దారులు మాత్రమే ఉండేవి.

కొండల లోపల కొండదొర, బగత, కోటియ, గదబ, పోర్జ, కొండు, జాతాపు, సవర మొదలైన తెగలవారు నివసించేవారు. పోడు వ్యవసాయం, అటవీ ఉత్పత్తులు వారి జీవనాధారం. కొండల పైభాగంలో జయపురం రాజుల ఆధిపత్యం ఉండేది. నేటి కొరాపుట్ జిల్లాలోని నందపురం పూర్వం వారి రాజధాని. కొండల పాదాల వెంట మాడుగుల, సాలూరు, పాచిపెంట, కురుపాం, మేరంగి వంటి సంస్థానాలు వరసగా ఉండేవి. ఈ సంస్థానాధీశుల బలం వారి కోటల కంటే వారి వెనుక ఉన్న అడవిలోనూ, కనుమదారుల మీద వారికున్న పట్టులోనూ ఉండేది.

కనుమదారి మీద పట్టు ఉన్నవాడికి దక్కేది ఏమిటి? మైదానం నుంచి పైకి ఉప్పు, బట్టలు వెళ్ళేవి. పై నుంచి ధాన్యం, అటవీ సరుకులు దిగేవి. బంజారాల ఎడ్ల మందలు ఈ వర్తకాన్ని నడిపేవి. ఆ దారిన సరుకు దిగినట్టే సైన్యం కూడా దిగవచ్చు. నాగపురం మరాఠాలు దిగివచ్చిన తీరు దీనికి నిదర్శనం. మచిలీపట్నంలోనో, హైదరాబాదులోనో కూర్చున్న పాలకుడికి ఈ దారులు మూయడం సాధ్యం కాదు. అందుకు కొండల అంచున ఉన్న జమీందారుతో మంచి చేసుకోవాలి.

పైన చెప్పిన మూడు అవసరాలను ఇప్పుడు గుర్తుచేసుకోండి. కొండల్లో గుర్రానికి ఉలవలు దొరకవు. ఫిరంగి బండికి దారి లేదు. కొండవాసి నుంచి సిపాయి జీతానికి సరిపడే నగదు రాబడి రాదు. వీటికి తోడు మన్యపు జ్వరం, అంటే మలేరియా, కొత్తగా వచ్చిన సైనికులను కొద్దిరోజుల్లోనే పడగొట్టేది. దక్కన్‌ను గెలిచిన యుద్ధ పద్ధతి ఈ కొండలలో పనిచేయదు. బుస్సీ మన్యాన్ని జయించడానికి ప్రయత్నించలేదు. అంచున ఉన్న సంస్థానాల ద్వారా వచ్చే కప్పం చాలనుకున్నాడు. అయితే అంచునే పెద్ద ఘర్షణ జరిగింది.

6. బొబ్బిలి యుద్ధం (1757 జనవరి 24)

1756లో బుస్సీకి దర్బారులో మళ్ళీ గడ్డుకాలం వచ్చింది. దివాను షానవాజ్ ఖాన్ ప్రోద్బలంతో సలాబత్ జంగ్ ఫ్రెంచి దళాన్ని కొలువు నుంచి తొలగించాడు. బుస్సీ హైదరాబాదు చేరి, మూసీ ఒడ్డున ఉన్న చార్ మహల్ అనే తోట భవనాలను కోటగా మార్చుకుని, చుట్టుముట్టిన సైన్యాన్ని కొన్ని వారాలపాటు నిలువరించాడు. మచిలీపట్నం వైపు నుంచి అదనపు దళం వచ్చి కలిసింది. ఆగస్టులో సలాబత్ జంగ్ రాజీకి వచ్చాడు.

కాని ఈ సంక్షోభం వార్త సర్కారులకు పాకింది. జమీందారులు కప్పం ఆపేశారు. శ్రీకాకుళంలో బుస్సీ నియమించిన ఇబ్రహీం ఖాన్ కూడా ఎదురు తిరిగాడు. నవంబరులో బుస్సీ సర్కారులకు బయలుదేరాడు. ఆయన రాకముందే ఇబ్రహీం ఖాన్ పారిపోయాడు. (ఈయనే తరవాత 1761 పానిపట్టు యుద్ధంలో మరాఠాల ఫిరంగి దళాన్ని నడిపిన ఇబ్రహీం ఖాన్ గార్దీ.) రాజమహేంద్రవరం ప్రాంతంలో విజయరామరాజు తన బలగంతో వచ్చి బుస్సీని కలిశాడు.

విజయనగరానికి, బొబ్బిలికి చాలాకాలంగా పొరుగు వైరం ఉంది. బొబ్బిలి ప్రభువు రంగారావును ఆ ప్రాంతం నుంచి కదిలించాలని విజయరామరాజు కోరిక. ఈ యుద్ధాన్ని వివరంగా రాసిన తొలి ఆంగ్లేయ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ప్రకారం, బొబ్బిలిని విడిచిపెడితే అంతే విలువైన భూములు మరోచోట ఇస్తానని బుస్సీ కబురు పంపాడు. రంగారావు దాన్ని అవమానంగా భావించాడు. ఇంతలో బొబ్బిలి అడవి మీదుగా వెళుతున్న ఒక సిపాయి పటాలంపై దాడి జరిగి దాదాపు 30 మంది చనిపోయారు. దీని వెనుక విజయరామరాజు పన్నాగం ఉందని ఓర్మ్ రాశాడు. నింద మాత్రం రంగారావు మీద పడింది. బుస్సీ దండయాత్రకు అంగీకరించాడు.

బొబ్బిలి కోట కొండల సమీపంలో, దట్టమైన అడవి మధ్య ఉండేది. ఓర్మ్ లెక్క ప్రకారం ఫ్రెంచి పక్షాన 250 మంది రౌతులతో కలిపి 750 మంది ఐరోపా సైనికులు, నాలుగు ఫిరంగులు, విజయరామరాజు బంట్లు 11,000 మంది ఉన్నారు. కోటలో ఆయుధం పట్టినవారు సుమారు 250 మంది. 1757 జనవరి 24 తెల్లవారుజామున మొదలైన పోరు మధ్యాహ్నం దాటే వరకు సాగింది. కోట నిలవదని తెలిసిన తరవాత రంగారావు ఆజ్ఞపై లోపలి ఇళ్ళకు నిప్పు పెట్టారు. స్త్రీలు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకుండా తమ వారి చేతుల్లోనే మరణించారు. తరవాత రంగారావు పోరాడుతూ మరణించాడు. ఒక వృద్ధుడు రంగారావు కుమారుణ్ణి కాపాడి ఫ్రెంచి అధికారి లా దగ్గరకు తీసుకువచ్చాడు. లోపలి దృశ్యాన్ని చూసిన బుస్సీ చలించిపోయి, ఆ బాలుడికి భూములు ఇప్పించాడని ఓర్మ్ రాశాడు.

మూడో రాత్రి బొబ్బిలి వీరులు కొందరు విజయరామరాజు డేరాలోకి చొరబడి ఆయన్ను హతమార్చారు. శరీరం మీద 32 గాయాలు ఉన్నాయని ఓర్మ్ కథనం. తెలుగు సంప్రదాయం ఈ పనికి నాయకుడిగా తాండ్ర పాపారాయుణ్ణి స్మరిస్తుంది.

6.1 ఆధారాలను ఎలా చదవాలి?

బొబ్బిలి గురించి మనకు మూడు రకాల ఆధారాలు ఉన్నాయి. ఓర్మ్ రచన సైన్యాల సంఖ్యను, తేదీలను, వ్యూహాన్ని చెబుతుంది; అయితే కోట బయట ఉన్నవారి ద్వారా వచ్చిన సమాచారం అది. దిట్టకవి నారాయణకవి రాసిన ‘రంగరాయ చరిత్రము’ ఒక కావ్యం. వెలమ ప్రభువుల వీరగాథను కీర్తించడం దాని లక్ష్యం. జానపద గాయకుల బొబ్బిలి కథ ప్రజల జ్ఞాపకాన్ని మోస్తుంది. అందులో సంభాషణలు, పాత్రలు తరతరాలుగా పెరిగాయి. ఒకటి నిజం, మిగిలినవి అబద్ధం అని తోసివేయకండి. ఏ ప్రశ్నకు ఏ ఆధారం జవాబు ఇవ్వగలదో చూడండి. సేనల సంఖ్యకు ఓర్మ్‌ను అడగండి. ఈ సంఘటన ఇక్కడి ప్రజలకు ఏమైందో తెలుసుకోవడానికి పాటను వినండి. ఈ మూడింటిలోనూ వినిపించనిది ఒకటుంది: ఆ అడవిలో, ఆ కొండవాలులో బతికిన గిరిజనుల మాట. వారు రాతలో కనిపించకపోవడం వారు అక్కడ లేరని చెప్పే సాక్ష్యం కాదు.

7. గంజాం నుంచి విశాఖపట్నం వరకు

బొబ్బిలి తరవాత బుస్సీ ఉత్తరంగా గంజాం వైపు సాగి, కొండల అంచునే ఉన్న గుంసూరు జమీందారును లొంగదీశాడు. ఆ సమయంలో బెంగాలు నవాబు సిరాజుద్దౌలా నుంచి సహాయం కోరుతూ లేఖలు వచ్చాయి. బుస్సీ వెళ్ళడానికి సిద్ధపడ్డాడు. అయితే 1757 మార్చిలో చందర్‌నగర్ ఆంగ్లేయులకు లొంగిపోయిందని తెలియడంతో ఆ ఆలోచన మానుకుని దక్షిణానికి తిరిగాడు. జూన్ చివరి వారంలో విశాఖపట్నంలోని ఆంగ్లేయ స్థావరాన్ని ముట్టడించి పట్టుకున్నాడు. లొంగిన ఆంగ్లేయులతో మర్యాదగా వ్యవహరించాడు. సరిగ్గా అదే వారంలో, జూన్ 23న, ప్లాసీ యుద్ధంలో క్లైవు గెలిచాడు. కోస్తాలో ఫ్రెంచి జెండా తన అత్యున్నత స్థితికి చేరిన రోజుల్లోనే, బెంగాలులో ఆ జెండాను దించగల శక్తి తయారయింది.

8. ఫ్రెంచి అధికారం పతనం

1758 మే నెలలో ఔరంగాబాదు శిబిరంలో బుస్సీ నమ్మకస్తుడైన దివాను హైదర్ జంగ్ హత్యకు గురయ్యాడు. పార్శీ దర్బారు భాషనూ, మర్యాదలనూ, మనుషులనూ బుస్సీకి విడమరచి చెప్పిన సహచరుడు ఆయనే. జూన్‌లో కొత్త ఫ్రెంచి ప్రధాన సేనాని లాలీ, బుస్సీని దక్కన్ నుంచి వెనక్కి పిలిచాడు. మద్రాసును పట్టుకోవడమే లాలీకి ముఖ్యం. దక్కన్ వ్యవహారం ఆయన కంటికి దండగగా కనిపించింది. ఆజ్ఞ ప్రకారం బుస్సీ వెళ్ళిపోయాడు. సర్కారులలో కాన్‌ఫ్లాన్స్ బాధ్యత తీసుకున్నాడు.

విజయనగరంలో విజయరామరాజు తరవాత ఆనందరాజు అధికారంలోకి వచ్చాడు. ఫ్రెంచివారి మీద ఆయనకు అసంతృప్తి ఉంది. విశాఖపట్నాన్ని తానే పట్టుకుని క్లైవుకు కబురు చేశాడు. కల్నల్ ఫోర్డ్ సముద్రమార్గాన వచ్చి ఆయనతో కసింకోటలో ఒప్పందం చేసుకున్నాడు. ఆ ఒప్పందం సారాన్ని గమనించండి: గెలిచిన ప్రాంతాలలో సముద్రతీరపు రేవులు, పట్టణాలు కంపెనీకి, లోపలి భూభాగం రాజుకు. తీరం చాలు, లోపలి భూమి స్థానికుడు చూసుకుంటాడు అన్న లెక్కే ఆంగ్లేయులది కూడా.

1758 డిసెంబరులో నేటి గొల్లప్రోలు సమీపంలోని చందుర్తి వద్ద కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయాడు. 1759 ఏప్రిల్ 7–8 రాత్రి మచిలీపట్నం కోట ఫోర్డ్ వశమయింది. మే 14న సలాబత్ జంగ్ ఆంగ్లేయులతో సంధి చేసుకుని, ఫ్రెంచివారికి తన రాజ్యంలో చోటు ఇవ్వనని అంగీకరించాడు. అయిదేళ్ళలో నిర్మించినది అయిదు నెలల్లో కూలింది.

9. చివరి దశ

1760 జనవరి 22న వందవాసి యుద్ధంలో ఫ్రెంచి సేన ఓడిపోయింది. బుస్సీ ఆంగ్లేయులకు బందీగా చిక్కాడు. తరవాత స్వదేశం చేరి, భారతదేశంలో కూడబెట్టిన సంపదతో దర్జాగా జీవించాడు. ఆ సంపద ఎలా వచ్చిందన్న విమర్శలు కూడా ఎదుర్కొన్నాడు. ఓటమికి కారకుడు ఎవరన్న వివాదంలో లాలీకి వ్యతిరేకంగా తన వాదనను ప్రచురించాడు. లాలీకి 1766లో మరణశిక్ష అమలయింది.

రెండు దశాబ్దాల తరవాత, అరవై దాటిన వయసులో, కీళ్ళవాతంతో బాధపడుతూ ఉండగా బుస్సీని మళ్ళీ భారతదేశానికి పంపారు. 1783 మార్చిలో కడలూరు చేరేసరికి ఆయన కలవాలనుకున్న హైదర్ అలీ మరణించి మూడు నెలలు దాటింది. జూన్‌లో కడలూరు వద్ద ఆంగ్లేయులతో యుద్ధం జరుగుతుండగానే ఐరోపాలో సంధి కుదిరిందన్న వార్త అందింది. 1785 జనవరిలో బుస్సీ పుదుచ్చేరిలో మరణించాడు.

10. అంచనా

బుస్సీని ఎలా అంచనా వేయాలి? ఆయన కొద్దిమంది సైనికులతో ఏడేళ్ళు దక్కన్ రాజకీయాలను శాసించాడు. మరాఠా, మొగలు సంప్రదాయాలను అర్థం చేసుకుని దర్బారులో మెలిగాడు. కంపెనీ ఒకటి స్వదేశీ పాలకుడి కొలువులో సైన్యాన్ని ఉంచి, దాని ఖర్చుకు జిల్లాలను రాయించుకునే పద్ధతిని అమలు చేసి చూపించాడు. తరవాతి కాలంలో ఆంగ్లేయులు సైన్య సహకార పద్ధతి పేరుతో దీన్నే విస్తరించారు.

కాని ఆ పద్ధతి మూల్యాన్ని ఎవరు చెల్లించారు? సిపాయి జీతం ఫర్మానాలో లేదు, రైతు పంటలో ఉంది. బకాయి పడిన కప్పం వసూలు చేయడానికి వచ్చిన సైన్యం, తనకు సంబంధం లేని ఇరుగుపొరుగు పగలో ఒక పక్షం వహించింది. బొబ్బిలి దాని ఫలితం. అక్కడి మంటలను చూసి బుస్సీ చలించాడన్నది నిజమే కావచ్చు. అయితే ఆ ఫిరంగులను అక్కడికి తీసుకువచ్చింది కూడా ఆయనే. సానుభూతి బాధ్యతను తుడిచివేయదు. అలాగని యుద్ధం మొత్తాన్ని పరాయి దొర మీదికి నెట్టి, మన సంస్థానాల మధ్య కక్షలను మరిచిపోవడం కూడా చరిత్ర కాదు.

మన మొదటి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. బుస్సీ అధికారం కొండల అంచున ఆగింది. ఆయన తరవాత వచ్చిన ఆంగ్లేయులు 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో, 1766లో నిజాంతో సంధితో సర్కారులను పొందారు. వారికీ అదే హద్దు ఎదురయింది. 1794 జూలై 10న పద్మనాభం యుద్ధంలో చిన విజయరామరాజు మరణించినపుడు ఆయన కుమారుడు నారాయణబాబు కొండ జమీందారుల అండకే చేరాడు. చివరకు 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను సాధారణ చట్టాల నుంచి తప్పించి, ప్రత్యేక ఏజెన్సీ పాలన కిందికి తెచ్చారు. మన్యాన్ని నేటికీ వాడుకలో ‘ఏజెన్సీ’ అనడానికి మూలం అదే. ఆ మాట వెనుక మైదానపు పాలకులకు కొండలతో ఎదురయిన పాత సమస్య ఉంది.

11. సారాంశం

బుస్సీ జింజీ విజయంతో పేరు పొంది, 1751 నుంచి 1758 వరకు సలాబత్ జంగ్‌కు అండగా దక్కన్‌లో నిలిచాడు. సైనికుల జీతాల కోసం 1753లో నాలుగు సర్కారులను పొందాడు. వసూళ్ళ కోసం విజయనగరంతో చేసుకున్న పొత్తు బొబ్బిలి యుద్ధానికి దారితీసింది. లాలీ ఆజ్ఞతో ఆయన వెళ్ళిపోయాక, చందుర్తి, మచిలీపట్నం ఓటములతో ఫ్రెంచి ప్రాబల్యం ముగిసింది. అశ్వబలం, ఫిరంగి బలం మీద ఆధారపడిన అధికారం తూర్పు కనుమలలోకి ప్రవేశించలేకపోయింది.

12. పదకోశం

సర్కారు: మొగలు పాలనలో సుబా కింద ఉండే పెద్ద రెవెన్యూ విభాగం.
ఫౌజుదారు: సర్కారులో సైనిక, శాంతిభద్రతల అధికారి.
ఫర్మానా: పాలకుడు ముద్రవేసి ఇచ్చే ఆజ్ఞాపత్రం.
గుత్త: నిర్ణీత మొత్తానికి రాబడి వసూలు హక్కును అప్పగించడం.
కనుమ: కొండల మధ్య దారి.

13. మీ అవగాహనను పరీక్షించుకోండి

1. 1753లో ఫ్రెంచివారికి లభించిన నాలుగు సర్కారులను పేర్కొనండి.
2. కసింకోట ఒప్పందంలోని ముఖ్యాంశం ఏమిటి?
3. కుకడి నది వద్ద జరిగిన దాడి బుస్సీ యుద్ధ పద్ధతిని ఎలా తెలియజేస్తుంది?

మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. ఉత్తర సర్కారులలో ఫ్రెంచి ప్రాబల్యం ఏర్పడి పతనమైన క్రమాన్ని వివరించండి.
2. బొబ్బిలి యుద్ధానికి బుస్సీ, విజయరామరాజు, రంగారావుల బాధ్యతను ఆధారాలతో చర్చించండి.
3. తూర్పు కనుమల భౌగోళిక స్థితి 18వ శతాబ్దపు రాజకీయాలను ఎలా ప్రభావితం చేసింది? మీ ప్రాంతంలో కొండ, అడవి, నది వంటి హద్దు ఏదైనా పాలకుల అధికారాన్ని నిలువరించి ఉంటే, ఆ ఉదాహరణను కూడా జోడించండి.